రెండో పేరు

ఫ్యాక్టరీ గేటు ముందు మోనిషా చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. ఎండకు రోడ్డు మీది తారు మెత్తబడింది. గేటు దగ్గర కాపలా కాస్తున్న తండ్రి యేసురత్నం ఒకటి రెండుసార్లు ఆమె వైపు చూశాడు గానీ, పిలిచి నీడలో కూర్చోమనలేదు. డ్యూటీలో ఉండగా ఇంటివాళ్ళతో మాట్లాడకూడదని కంపెనీ కట్టడి.

ఆమెకు కావలసింది ఒక్క పేరు. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళకు బిల్లు కౌంటరులో మనిషి కావాలట. పర్మనెంటు ఉద్యోగం. దరఖాస్తులో ఇద్దరి పేర్లు రాయాలి. ఇద్దరూ బంధువులు కాకూడదు. ఒకరు కుటుంబాన్ని ఎరిగినవారు, ఇంకొకరు ఆమె పని చూసిన పై అధికారి. మొదటి పేరుకు చర్చి పెద్ద ఆరోగ్యస్వామి అడగ్గానే ఒప్పుకున్నాడు. రెండోదే దొరకలేదు. ఈ ఫ్యాక్టరీలో మూడేళ్ళు ప్రెస్ మిషన్ల మీద ఆమె పక్కన నిలబడిన ఆడవాళ్ళకు ఆమె పనితనం తెలుసు. వాళ్ళకు హోదా లేదు. అమ్మ గిన్నెలు తోమే ఇంటి లాయరుకు హోదా ఉంది, "నీ పని నేనెప్పుడు చూసినాను?" అని ఆయన గుమ్మంలోంచే పంపేశాడు. ఇక మిగిలింది సూపర్‌వైజర్ పార్థిబన్.

భోజనాల వేళకు అతను బయటికి వచ్చాడు. టీ కొట్టు పక్కకు పిలిచి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నా పేరు రాసుకోమ్మా. ఫోన్ చేస్తే బంగారమట్లా పిల్ల అని చెప్తా. మనోళ్ళకు మనం చెయ్యకపోతే ఎవురు చేస్తారు?"

మోనిషా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "శానా మేలు సార్."

"నాకూ ఒక సాయం చెయ్యాల." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "చెయ్యి పోయిందని సెల్వి కంపెనీ మీద కేసు వేసుండాది. ఆ పొద్దు సెన్సార్‌ని ఆమే ఆపేసిందని నువ్వు దీంట్లో సైన్ పెట్టు. పక్కన ఉండింది నువ్వే కదా."

చెయ్యి లోపల ఉంటే మిషన్‌ను కిందికి దిగనివ్వనిది ఆ సెన్సార్. అది ఉంటే పని నిదానం. సరుకు లోడు తొందరగా పోవాలని ఆ రోజు దాన్ని ఆపించింది పార్థిబనే. మోనిషా చూసింది. సెల్వి కుడిచేతి వేళ్ళు నలిగిపోయినప్పుడు తన దుపట్టా చుట్టింది కూడా మోనిషాయే. తర్వాత నెలకే కాంట్రాక్టు ముగిసిందని మోనిషాను పనిలోంచి ఆపేశారు.

'ఆపించింది మీరు కదా' అన్న మాట నోటిదాకా వచ్చింది. గేటు దగ్గర తండ్రి కనిపించాడు. ఆయన్ని ఆ పనిలో పెట్టించింది కూడా పార్థిబనే. మోనిషా కాగితం తీసుకుంది.

"సైన్ పెట్టు తల్లీ," అన్నాడు యేసురత్నం ఆ సాయంత్రం చొక్కా విప్పి తగిలిస్తూ. "ఈ వయసులో ఈ గేటు పోతే నాకింకో గేటు యాడుండాది?"

మర్నాడు పొద్దున ఆమె రైలెక్కి సెల్వి ఉండే తిరుత్తణికి పోయింది. దరఖాస్తు ఇవ్వడానికి ఆ సాయంత్రమే గడువు. సెల్వి వాకిట్లో కూర్చుని కూతురికి జడ వేస్తోంది. ఒక పాయ ఎడమచేతిలో, ఇంకో పాయ పళ్ళ మధ్య. జడ వదులైపోతుంటే ఆ పిల్ల కదలకుండా కూర్చుంది.

మోనిషా ఏమీ దాచకుండా చెప్పి కాగితం ఇచ్చింది. తమిళంలో రాసున్న ఆ నాలుగు వాక్యాలను సెల్వి నిదానంగా చదివింది.

"పెట్టేయ్ పాపా."

"అక్కా!"

"నువ్వు పెట్టకపోతే ఇంకొకతి పెడతాది. నీకైనా ఒక పని దొరుకుతాది. నేనేం కోపం పెట్టుకోను." కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది. "కాఫీ తాగి పో."

సెల్వి తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే, మోనిషా స్టేషన్‌లోనే సంతకం పెట్టేసి ఉండేదేమో. కాఫీ తాగి గ్లాసు కడిగి పెట్టింది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చి పార్థిబన్‌కు ఫోన్ చేసింది.

"నేను సైన్ పెట్టను సార్."

అవతల మిషన్ల చప్పుడు దూరమైంది. "ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

"ఎవురూ చెప్పలా. ఆపించింది మీరు. నేను చూసినాను. కోర్టులో అడిగినా అదే చెప్తాను."

"సరే. రెండో పేరు ఎవురిది రాసుకుంటావో రాసుకో పో."

ఫోన్ పెట్టేశాడు. ఆమె సంచిలో దరఖాస్తు ఉంది, రెండో గడి ఖాళీగా ఉంది. అందులో ఎవరి పేరు రాయాలో పొద్దున తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

రైలు వచ్చి ఆగేసరికి ఫోన్ మోగింది. నాన్న. డ్యూటీలో ఉన్నంతసేపూ కాపలావాళ్ళ ఫోన్లు ఆఫీసులో పెట్టించుకుంటారు; ఇంటికి పోయేటప్పుడే తిరిగి ఇస్తారు. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

ఎక్కేవాళ్ళు ఆమెను తోసుకుంటూ పోతున్నారు. మోనిషా పక్కకు జరిగి ఫోన్ చెవికి ఆనించుకుంది.

"చెప్పు నాన్నా," అంది.