ముక్కు విరిగిన ఇస్త్రీ మచ్చ

మా లాండ్రీలో జేబులు తడమకుండా ఒక్క బట్ట కూడా బల్ల ఎక్కదు. కోడలిగా వచ్చిన కొత్తలో మామగారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. పెన్నులు, తాళాలు, ఒకసారి కట్టుడు పళ్ళు కూడా జేబుల్లోంచి తీసి పదిలంగా తిరిగిచ్చిన వాళ్ళం. అలాంటిది మా సొంత గడియారం మా బల్ల మీదనుంచే మాయమైతే ఎవరితో చెప్పుకోను?

అది మామూలు జేబుగడియారం కాదు. పోయిన మా అత్తగారు తన మొదటి సంపాదనతో మామగారికి కొనిచ్చింది. రోజూ పొద్దున్నే కీ ఇస్తేగానీ ఆయన కాఫీ ముట్టరు. మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ ఆ పని మా ఆయనకి అప్పగించారు. కీ ఇచ్చాక ఫొటో తీసి పంపాలని షరతు కూడా పెట్టారు.

"వీడు వాళ్ళమ్మ పోలిక. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. నువ్వో కన్నేసి ఉంచమ్మాయ్" అన్నారు నాతో.

కన్నేశాను. అయినా పోయింది. షాపంతా బోర్లా తిప్పినా దొరకలేదు. మామగారు ఆదివారం ఇంటికొస్తారు, ఆయన మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. మా ఆయన మాత్రం చివరిసారి తీసిన ఫొటోనే రోజూ ఆసుపత్రికి పంపిస్తున్నాడు. ఎంత తిట్టినా వేరే దారి నాకూ తోచలేదు. పాత వస్తువులు అమ్మే యాప్‌లో "పోయింది, దొరికితే చెప్పండి" అని అదే ఫొటో పెట్టాను.

మర్నాడు మా ఆయన గెంతుతూ వచ్చాడు. "దొరికిందే! అచ్చం అలాంటిదే అమ్ముతున్నారు!"

చూశాను. తాతగారి జ్ఞాపకమట. ఊరు వదిలి వెళ్తున్నారట. ఇంకెవరో కూడా అడుగుతున్నారట, సగం డబ్బు ముందు పంపిస్తే కొరియర్‌లో వచ్చేస్తుందట.

"ఆగండి. ఎదురుగా వచ్చి చూసుకుంటామని చెప్పండి" అన్నాను.

"అడిగాను. వాళ్ళింట్లో అందరికీ జ్వరాలట, పాపం."

"మరి గడియారం పక్కన ఒక చెంచా పెట్టి ఫొటో తీసి పంపమనండి. చేతిలో వస్తువుంటే క్షణం పని."

చాలాసేపటికి ఫొటో వచ్చింది. అందులో చెంచా గాలిలో తేలుతోంది. గడియారం కన్నా పదింతలు పెద్దగా ఉంది. ఇంత గరిటెతో వాళ్ళు ఎవరికి వడ్డిస్తారో నాకు అర్థం కాలేదు.

"అడగ్గానే పంపాడు చూడు, ఎంత మర్యాదో!" మా ఆయన కరిగిపోయాడు. "పైగా మనవాళ్ళేనే. కింద దుప్పటి మీద ఇస్త్రీ మచ్చ కనిపిస్తోందా? వీళ్ళదీ లాండ్రీయే. లాండ్రీ వాళ్ళు ఒకరి సొమ్ముకి ఆశపడరు."

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నేనూ ఒక్క క్షణం మెత్తబడ్డాను. ఫొటో పెద్దది చేసి చూశాను.

"ఏవండీ, ఈ మచ్చకి ముక్కు లేదేం?"

"వాళ్ళ ఇస్త్రీపెట్టె కూడా మనదానిలాగే కిందపడి ముక్కు విరిగిందేమో!"

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇది మన మచ్చ. మన దుప్పటి. మన ఫొటో! వాడు మన గడియారాన్ని మనకే అమ్ముతున్నాడు, అదీ తన దగ్గర లేకుండా!"

మా ఆయన బల్లకేసి చూశాడు, ఫొటోకేసి చూశాడు, నోరు తెరిచాడు. కానీ ఆ దొంగవెధవ ఒక్క మేలు చేశాడు. గడియారం మెరవాలని ఫొటోకి వెలుగు పెంచాడు. మా ఫొటోలో నల్లగా ఉన్న మూల ఇప్పుడు తేటగా ఉంది. అక్కడ ఒక కోటు చెయ్యి, దానికి ఆకుపచ్చ బొత్తాలు.

"అమ్మో, సంగీతం మాస్టారి కోటు!" మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇస్త్రీ ఆవిరి తగులుతుందని పక్కనున్న దీని జేబులో పెట్టానే..."

"జేబులు ముందే తడిమేశాం కదా, మళ్ళీ ఎవరు చూస్తారు?" అంటూ చెప్పులు వేసుకున్నాను.

సంగీతం మాస్టారు కోటు తొడుక్కునే మంచంలో పడుకుని ఉన్నారు, గుండెమీద చెయ్యేసుకుని. "మొదట టిక్కుటిక్కుమని వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఇక నా పని అయిపోయిందమ్మా" అన్నారు నీరసంగా. నేను ఆయన లోపలి జేబులో చెయ్యి పెట్టి ఆ జబ్బుని బయటికి లాగాను. ఆయన లేచి కూర్చుని ముందు టిఫినేమైనా ఉందా అని భార్యని కేకేశారు.

ఆదివారం మామగారు వచ్చారు. కీ ఇచ్చిన గడియారం ఆయన చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, "దొరికిందా?" అన్నారు.

మా ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి.

"రోజూ ఫొటోలో ఒకే టైము చూపిస్తుంటే తెలీదా? మీరు లోలోపల ఎంత నలిగిపోతున్నారో అనిపించింది. అందుకే ఫోన్‌లో వెతికి అలాంటిదే ఒకటి కొనేశాను. పొరపాటున నా సంచిలోనే వచ్చేసిందని చెబుదామనుకున్నా. సగం పంపించాను, రేపో మాపో కొరియర్ వస్తుంది."

"ఎవరి దగ్గర మామయ్యా?" అన్నాను.

"మంచివాడమ్మాయ్. అడక్కుండానే చెంచాతో కూడా ఫొటో పంపాడు. దుప్పటి మీద ఇస్త్రీ మచ్చ చూశాక ఇక ఆలోచించలేదు. మనవాళ్ళే."

మా ఆయన తల దించుకుని నవ్వాపుకుంటున్నాడు. వాళ్ళమ్మ పోలికట! ఇంకెప్పుడైనా అయితే నేను ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆ రోజు మాత్రం మామగారి కట్టు కట్టిన కాలి దగ్గర కూర్చుని, "అవును మామయ్యా, మనవాళ్ళే" అన్నాను.