మోతీ తొట్టిలో నూనె పొర

పొద్దున్నే మళ్లీ అదే పొర. రాందాస్ గాజు తొట్టి ముందు నిలబడి పళ్లు పటపట కొరికాడు. మొన్న టిష్యూ కాగితాలు పరిచి పొరంతా ఎత్తేశాడు. నిన్న సగం నీళ్లు తోడిపోసి కొత్తవి పట్టాడు. అయినా ట్యూబులైటు వెలుగులో రంగురంగులుగా నూనె తెట్టు మళ్లీ కట్టనే కట్టింది. దాని కింద మోతీ నోరు పైకెత్తి గుటకలు వేస్తోంది.

మోతీ అంటే బంగారు రంగు చేప. రాందాస్ కూతురు సోని ఖమ్మం హాస్టల్‌కు పోతూ పోతూ దాన్ని తండ్రికి అప్పజెప్పింది. అమ్మకు కాదు, నాయనమ్మకు కాదు, ఏరికోరి తండ్రికే. "దసరా సెలవులకు నేనొచ్చేసరికి మోతీ మంచిగుండాలె బాపూ," అంది. ఫోను చేసినా ముందు దాని సంగతే, తండ్రి తిన్నాడా లేదా అన్నది ఆ తర్వాత. సెలవులు దగ్గరకొచ్చాయి. ఇంతోటి చేపను బతికించలేకపోతే బిడ్డకు మొహం ఎలా చూపించాలో అతనికి తోచడం లేదు.

పాల్వంచ బజార్లో చేపలమ్మే అతనికి వీడియో తీసి చూపించాడు. "నూనె పొర అన్నా ఇది. మూత పెట్టినట్టు కడితే నీళ్లకు గాలి అందదు. ఫిల్టరు పైపు జర పైకి పెట్టు, పై నీళ్లు కదలాలె. అసలు నూనె ఏడికెల్లి వస్తందో చూస్కో," అన్నాడతను. రాందాస్ పైపు పైకి పెట్టాడు. నీళ్లు బుడబుడమన్నాయి. పొర మూలకు జరిగి, మర్నాటికి మళ్లీ అంతటా పరుచుకుంది.

ఏడికెల్లి? రాందాస్ చూపు ముందు వంటింటి మీద పడింది.

"కళ్యాణీ! ఇయ్యాల్టి సంది బజ్జీలు లేవు, పూరీలు లేవు. పోపు గూడ పెట్టొద్దు!"

"పోపు లేని పప్పు నువ్వు తింటవా?" భార్య గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది.

"తింట!"

ముద్ద దిగకపోయినా పంతానికి తిన్నాడు. పొర మాత్రం పోలేదు.

అప్పుడు అతని కన్ను తల్లి మంగ్లి మీద పడింది. తండా నుంచి థర్మల్ ప్లాంటు క్వార్టరుకు వచ్చేటప్పుడు ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నవి ఒక నెయ్యి డబ్బా, ఒక పెంకు. గ్యాస్ పొయ్యి మీద బొగ్గులు ఎర్రగా కాల్చి పెంకులో పోసి, వాటి మీద ఇంత నెయ్యి, ఇంత బెల్లపన్నం వేసి, రోజూ పొద్దున తమ లంబాడీల గురువు సేవాలాల్‌కు భోగ్ పెడుతుంది. మొదట్లో గుమ్మం దగ్గర పెట్టేది. ఈమధ్య తొట్టి పక్కకు మార్చింది. నెయ్యి పొగ నేరుగా నీళ్ల మీదికే! ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాడు.

"యాడీ! నీ పొగతోనే చేప సస్తంది. రేపటి సంది ఇంట్ల భోగ్ బంద్!"

మంగ్లి చేతిలో చెంచా ఆగిపోయింది. "దేవునికి బంద్ పెట్టమంటవా?"

"బంద్ అంటే బంద్!"

ఆమె బొగ్గుల మీద నీళ్లు చల్లి, పెంకును మంచం కిందికి తోసింది. ఆనాటి నుంచి కొడుకు పలకరిస్తే గోడవైపు తిరిగేది. పోనీ, అంత చేశాకైనా పొర పోయిందా? పోలేదు. ఇంట్లో మాటలు పోయాయి, పప్పులో పోపు పోయింది, పొర ఒక్కటే మిగిలింది.

రాందాస్‌ది ప్లాంటులో బూడిద సెక్షను. బూడిద ఒంటికి పట్టకుండా అక్కడివాళ్లంతా చేసే పనే అతనూ చేసేవాడు. స్నానం కాగానే మోచేతుల దాకా కొబ్బరినూనె దట్టంగా పట్టించేవాడు. ఆ తర్వాత తొట్టిలో చెయ్యి పెట్టి పొర తీసి, మోతీకి అరచేతిలో మేత తినిపించి, లోకాన్నంతా తిట్టుకుంటూ డ్యూటీ బస్సెక్కేవాడు.

ఇంతలో దమ్మపేటలో చిన్ననాటి స్నేహితుడి పెళ్లి వచ్చిపడింది. పోక తప్పలేదు, రెండు రోజులు ఉండక తప్పలేదు. పెళ్లయ్యాక, మధ్యాహ్నం డ్యూటీ ఉందని అక్కడే స్నానం చేసి, నూనె పట్టించుకుని మరీ తిరిగొచ్చాడు. తలుపు తీయగానే నెయ్యి వాసన గుప్పుమంది. దాని వెనకాలే మిరపకాయ బజ్జీల వాసన. తొట్టి పక్కన పెంకులో నిప్పు ఇంకా ఆరలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది రాందాస్‌కు.

"నేను లేనిది చూసి అత్తాకోడండ్లు ఒక్కటైన్రా? ఏంది గిది? నా బిడ్డకు నేనేం జవాబు చెప్పాలె?"

"ఒర్రుడు తర్వాత. నువ్వు పోయిన్నాడే పొర నేను ఎత్తేసిన. మళ్ల కట్టిందేమో ముందు నీళ్లు చూడు," అంది కళ్యాణి.

చూశాడు. పొర లేదు. చుక్కంత తెట్టు కూడా లేదు. మోతీ అడుగున గులకరాళ్లను మూతితో కదిలిస్తూ హాయిగా తిరుగుతోంది. నమ్మలేక, మేత గింజలు అరచేతిలో పోసుకుని అలవాటుగా చెయ్యి ముంచాడు. మణికట్టు చుట్టూ రంగుల గీత ఒకటి పుట్టింది. కళ్ల ముందే అది వెడల్పయి, ఈ అద్దం నుంచి ఆ అద్దం దాకా పాకింది.

కళ్యాణి అతని చేతిని చూసింది, ఆ తర్వాత మొహాన్ని చూసింది. "పోపు లేని పప్పు ఇంకిన్ని రోజులు తింటవా మరి?" అంది.

తల కొట్టేసినట్టయింది రాందాస్‌కు. తల్లి మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "యాడీ, నా చేతుల నూనే అది. తప్పు నాదే. నిన్ను ఉత్తగనే..."

మంగ్లి ఇన్నాళ్లకు గోడవైపు నుంచి ఇటు తిరిగింది. "భోగ్ గాడికి ఎందుకు మార్చిన్నో ఒక్కనాడన్న అడిగినవా బేటా? సోని చేప గట్ల నోరు తెరుస్తుంటే సూడలేక, బతకాలని మొక్కిన. దాని కోసమే పెడుతున్న."

రాందాస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెంకు ముందు చతికిలబడి, ఆరిపోతున్న నిప్పును ఊది, నెయ్యి డబ్బా కోసం చెయ్యి చాచాడు.

మంగ్లి డబ్బాను గబుక్కున వెనక్కి లాక్కుంది.

"ముందు సబ్బు పెట్టి చేతులు కడుక్కో పో," అంది.