మొండెమ్మ తల్లికి ఎవులూ లేరంట

కోడిపుంజుని సంకలో ఇరికించుకుని గున్నమ్మ దిబ్బ మీదికి ఎక్కేసరికి లారీ అప్పటికే వచ్చి ఉన్నాది. దానెనకాల క్రేను. క్రేను కొక్కేనికి పసుప్పచ్చ బెల్టులు ఏలాడతన్నాయి. 

ఆయాల జూన్ పద్నాలుగు. రెండు నెల్ల వేట నిషేధం ఆ రాత్రితో సరి. తెల్లారితే మొగపాలెం తెప్పలన్నీ సముద్రంలో దిగాల. రెండు నెల్లు గంజి తాగి బతికిన కడుపులు మరి. దిగాలంటే ముందు మొండెమ్మ తల్లికి పుంజు నెత్తురు పడాల. అది పడకండా తెప్ప దించినోడు ఆ ఊళ్లో పుట్టలేదు. సరిగ్గా అలాటి రోజు సూసుకుని అమ్మని ఎత్తుకుపోడానికి లారీ తోలుకొచ్చినారంటే, ఆళ్లని ఏటనాలో మీరే సెప్పండి.

మొండెమ్మంటే నడుమెత్తు నల్లరాయి. మెడ వరకే ఉంటాది, తల లేదు. తల దొర ఒట్టుకుపోనాడు. తాతల నాటి మాట అది. ఇంగ్లీషోల్ల కాలంలో గుర్రమెక్కి వచ్చిన దొరొకడు దిబ్బంతా తవ్వించి, ఇరిగి పడున్న తలని గోనెలో సుట్టి ఓడెక్కించీసినాడంట. ఇప్పుడది ఏ దేశంలో, ఏ గాజుపెట్టిలో ఉందో ఆ తల్లికే ఎరుక. మొండెం మొయ్యలేక వదిలీసినాడు. దొర రాక ముందూ, పోయినాకా ఆ రాతికి పసుపు రాసిందీ, సీర కట్టిందీ మొగపాలెపోల్లే. గున్నమ్మ ఆ తల్లికి పూజారి. అత్త సేతి మీదుగా వచ్చిన పని. మొగుడు సోములు పదేళ్ల కిందట తుపానులో పోనాడు. ఉన్నది ఒక్కగానొక్క కొడుకు బాబీ. ఇరవై మూడేళ్లోడు, తెప్ప మీద తండ్రి పని సేస్తన్నాడు.

లారీని సూస్తంటే గున్నమ్మకి ఒళ్లు మండిపోతన్నాది గాని, ఆ మంటలో సగం తన మీదే. తప్పు తనదే కదా. ఈ లారీకి దారి సూపించింది తనే.

కిందటి శీతాకాలంలో అనంతకృష్ణ అని ఆఫీసరు వచ్చినాడు. పాత రాళ్లు, పాత గుళ్లు సూసే డిపార్టుమెంటంట. బొబ్బిలోడు. తండ్రి వీణ మేస్టారు. మంచి మనిషి, ఆ మాట ఇప్పటికీ ఎవులూ కాదనరు. పేంటేసుకుని ఇసకలో బాసింపట్టు ఏసి కూకున్నాడు, అందరితో పాటు గలాసుతో టీ తాగినాడు. "అమ్మా, మీ తల్లిని ఒక్కసారి పసుపు లేకుండా చూడొచ్చా" అని అడిగినాడు. అమ్మకి తానం ఏడాదికి ఒక్కపాలే. సుట్టూ సీరలు కట్టి, మొగోల్లందర్నీ తరిమీసి, పూజారి ఒక్కర్తే సేయించాల. ఆ సంగతి గున్నమ్మకి తెలీదా? తెలుసు. అయినా అంత సదువుకున్నోడు ఇసకలో కూకుని అమ్మా అని పిల్సేసరికి మనసు కరిగిపోనాది. సుట్టం ఇంటికొస్తే పిల్లకి మొకం కడిగి సూపించమా, అలాగ కడిగి సూపించినాది. ఏళ్ల తరబడి పేరుకున్న పసుపంతా గోకీసినాది. అడుగున రాతి మీద సన్నగా సెక్కిన గుడ్డ మడతలు బయటపడ్డాయి. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"ఇది అమ్మవారు కాదమ్మా, బుద్ధుడు" అన్నాడు.

"ఎవులైతే ఏటి బాబూ, పిలిస్తే పలుకుతాది" అన్నాది గున్నమ్మ మురిసిపోయి.

మూడు నెల్లు తిరక్కండా కంచె ఏసినారు. బోర్డు పాతినారు. జంతుబలి నేరమంట, పసుపు పులిమితే నేరమంట. దాని ఎనక నోటీసు. అందులో ఏటి రాసినారో కులపెద్ద జగన్నాధం కళ్లజోడు సవరించుకుని సదివినాడు. ఈ శిథిల విగ్రహానికి హక్కుదారులు ఎవరూ లేరు, ఆ సంగతి పలానా దొరగారు అప్పట్లోనే తమ పొస్తకంలో రాసినారు, కావున మ్యూజియానికి తరలిస్తన్నాం. అది ఇన్నకాడ నుంచి గున్నమ్మకి తిండి సయించలేదు. అమ్మని తీసుకుపోనిస్తే తన బతుక్కి అర్తం లేదనుకున్నాది. ప్రాణం పోయినా అడ్డంపడాలనుకున్నాది.

అందుకే ఇప్పుడు పుంజుతో సహా తిన్నగా అనంతకృష్ణ ముందుకెళ్లి నిలబడ్డాది. ఎనకాల ఊరు ఊరంతా ఉన్నాది. నాలుగు వందల మంది. ఎదర కంచె లోపల పాతికమంది పోలీసులు.

"బాబూ, పుంజుని కొయ్యనియ్యి. పడవలు దిగాల."

"అమ్మా, మీకు ఎన్నిసార్లు చెప్పాను. అహింస బోధించిన మహానుభావుడి మీద నెత్తురు పోస్తారా? దొర రాసిన గ్రంథం ఉంది, ఆధారాలున్నాయి..."

"తల ఒట్టుకుపోనోడి పొస్తకం నీకు సాచ్చికం. ఇన్నేళ్లు కూడు పెట్టినోల్లం, మేం సాచ్చికం కాదా? దొర సెప్తే ఎవులూ లేరని నమ్మీసినావే, మరి మేం ఎవులం బాబూ? గెడ్డలో కొట్టుకొచ్చినామా?"

 ఆల్లెవులో తెల్సు అనంతకృష్ణకి. అయినా సేతిలో ఆర్డరుంది. పక్కనున్న ఎస్సైకి ఇవన్నీ అక్కర్లేదు. బలమైన మనిషి, సెమటకి సొక్కా ఈపుకంటుకుపోయి సిరాకు మీదున్నాడు.

"మాటలు చాలు. ఎత్తండి" అని అరిచినాడు.

క్రేను గుర్రుమన్నాది. ఇద్దరు కూలోల్లు అమ్మ కట్టుకున్న ఎర్రసీర లాగి అవతల పారేసి, నడుం సుట్టూ బెల్టు బిగించినారు. ఓలమ్మో! సీర లాగినారు. ఆడోల్లంతా ఒక్కపాలి కెవ్వుమన్నారు. ఆ కేక ఇంకా గాల్లో ఉండగానే కంచె కూలిపోనాది. ఎవులు తోసినారంటే అందరూ తోసినారు.

ఇంక సూడండి. ఎస్సై ఈలేసినాడు, లాఠీలు లేచినాయి. ముందు దెబ్బ జగన్నాధానికే. డెబ్బై ఏళ్ల ముసిలోడు, రెండు సేతులూ ఎత్తి "ఆగండర్రా" అంటన్నాడు, ఆ ఎత్తిన సెయ్యి మీదే కొట్టినారు. ఎముక ఇరిగిన సప్పుడు గున్నమ్మకి ఇనపడ్డాది. ఒక కడుపుతో ఉన్న పిల్లని జుట్టట్టుకుని ఇసకలో ఈడ్సుకుపోనారు. కుర్రోల్లు ఊరుకున్నారా? తెడ్లు తీసినారు, ఇసకలో దొరికిన రాయల్లా ఇసిరినారు. ఒక పోలీసోడి నోటి నిండా నెత్తురు, పళ్లు ఉమ్మీసి మళ్లీ ఎగబడ్డాడు. ఎవుడు ఎవుడ్ని కొడతన్నాడో తెలీలేదు. గున్నమ్మని ఎవుడో గుండెల మీద తన్నినాడు. ఎల్లకిలా పడ్డాది. పుంజు సంకలోంచి ఎగిరి రెండడుగులేసి బూటు కింద పడి సితికిపోనాది. లేద్దామంటే ఊపిరి ఆడలేదు. నోటి నిండా ఇసక.

పడుకునే సూసినాది. బాబీ పరిగెట్టుకెళ్లి అమ్మని వాటేసుకున్నాడు. వలకత్తి తీసి బెల్టు కోసీసినాడు. కత్తి అవతల పారేసి, రెండు సేతులూ రాతి సుట్టూ పెనేసి, మొకం రాతికి ఆన్చి కూకున్నాడు. ఉత్త సేతుల్తోటే. ఆ సంగతి గున్నమ్మ ఎక్కడైనా ఒట్టేసి సెప్తాది.

ఎస్సై ఎళ్లినాడు. "లేవరా" అని ఈపు మీద ఒకటేసినాడు. బాబీ లేవలేదు. సేతుల మీద కొట్టినాడు. ఏళ్లు సితికినా పట్టు వదల్లేదు. "నీయమ్మ, లేవరా" అని లాఠీ రెండు సేతుల్తో పైకెత్తినాడు. "వద్దు బాబో" అని గున్నమ్మ అరిచినాది, అరుపు బయటికి రాలేదు. మూడో దెబ్బ నెత్తి మీద పడ్డాది. టెంకాయి పగిలినట్టు సప్పుడయ్యినాది. మొండెమ్మ మెడ మీదినించి గుండెల దాకా నెత్తురు కారినాది.

అందరూ ఒక్కపాలి ఆగిపోనారు. కొట్టినోల్లూ, దెబ్బలు తిన్నోల్లూ.

గున్నమ్మ డేక్కుంటా ఎళ్లి కొడుకుని ఒళ్లోకి లాక్కున్నాది. కళ్లు తెరిసే ఉన్నాయి. ఏదో అనబోనాడు, నోట్లోంచి నెత్తురు బుడగలొచ్చినాయి. కొంగు తీసి తలకి అదిమినాది, కొంగు తడిసిపోనాది. అంతలో పక్కన ఎవులో మోకాళ్ల మీద కూలబడ్డారు. అనంతకృష్ణ. సేతిలో దూది, నీళ్ల సీసా ఉన్నాయి. దేవుడా, సాయానికొచ్చినాడు అనుకున్నాది గున్నమ్మ. సెయ్యి సాపినాది. ఆయన ఆ సెయ్యి సూడనే లేదు. దూది తడిపి రాతిని తుడస్తన్నాడు.

"ఇంకిపోతుంది... రాతిలోకి ఇంకితే మరక పోదు..." అని గొణుగుతన్నాడు.

గున్నమ్మ ఆ దూది లాగీసుకున్నాది. ఆయన మొకం కేసి ఒక్కసూపు సూసినాది. అప్పుడు తెలిసింది ఆయనకి తను ఏటి సేస్తన్నాడో. నోటికి సెయ్యి అడ్డం పెట్టుకుని ఎనక్కి జరిగి ఏడ్సినాడు. ఏడిస్తే ఏటి లాభం? నూట ఎనిమిది బండి పోలీసు బారికేడ్ల అవతలే ఆగిపోనాది. బండొచ్చేలోపు బాబీ తల్లి ఒళ్లోనే పోనాడు.

గున్నమ్మ ఏడవలేదు. ఏడుపు రాలేదు. కొడుకు కళ్లు మూసి, మూతి తుడిసి అలాగే కూకున్నాది.

కాసేపటికి ఎస్సై జగన్నాధాన్ని పక్కకి పిలిసి మాటాడినాడు. ఇరిగిన సేతిని తువ్వాలుతో మెడకి కట్టుకుని, ముసిలోడు గున్నమ్మ దగ్గరికొచ్చి కూలబడ్డాడు. 

"గున్నమ్మా, ఇను. ఆల్లు దిగొచ్చినారు. లారీ ఎనక్కి తీసుకుపోతారంట. కంచె తీసీస్తారంట. అమ్మ ఇక్కడే ఉంటాది, కాయితం మీద రాసిస్తారంట. ఆపీసరు కూడా ఒప్పుకున్నాడు."

"ఏటి సెయ్యమంటారు?"

"కుర్రోడు కాలు జారి రాతి మీద పడ్డాడని నువ్వు ఏలిముద్ర ఎయ్యాల. ఊరికి మాత్రం... తల్లి అందుకున్నాదని సెప్పీయే. ఎలాగూ పోనాడు. తెల్లారి పడవలు దిగుతాయి. పిల్లలు తిండిలేక సస్తన్నారు, నీకు తెలీందేటి."

అదీ సంగతి. బలి అయ్యాక పూజారి ఊరికేసి తిరిగి "తల్లి అందుకున్నాది" అంటేనే పడవలు కదిల్తాయి. అందుకోలేదంటే కదలవు. ఆ మాట గున్నమ్మ నోటంటే రావాల. ఇంకోల్లు అంటే సెల్లదు.

గున్నమ్మ అమ్మకేసి సూసినాది. సీర లేకండా, సగం తుడిసిన నెత్తురుతో నిలబడి ఉన్నాది. ఈ తల్లి కోసరం పొద్దున్న ప్రాణం ఇద్దామనుకున్నాది. ఇప్పుడు ఒక్క మాట, ఒక్క ఏలిముద్ర. అమ్మ ఉంటాది, ఊరు తింటాది. తను సేసిన తప్పు కూడా తీరిపోతాది. గొంతు దాకా వచ్చినాది ఆ మాట. ఒళ్లో బాబీ తల బరువుగా ఉన్నాది. దొర అలాగే రాసినాడు కదా, ఎవులూ లేరని. ఇప్పుడు తను కూడా రాస్తే, బాబీని కొట్టినోడు ఎవుడూ లేడని రాసినట్టే.

కొడుకు తలని మెల్లిగా ఇసక మీద పెట్టి లేసినాది. ఊరికేసి తిరిగినాది.

"తల్లి అందుకోలేదు!" అన్నాది.

గున్నమ్మ జనం దగ్గరికి ఇంకో అడుగేసినాది.

"మనం ఇస్తే బలి. ఆడొచ్చి కొడితే కూనీ. నా కొడుకు కాలు జారలేదు. మొండెమ్మ ఆడ్ని అడగలేదు. అందుకోలేదు!"

"ఏయ్ ముసిల్దానా, నీ రాయి పోద్ది ఆలోచించుకో" అన్నాడు ఎస్సై.

"పోనియ్యి. ఒట్టుకుపో. దొర తల ఒట్టుకుపోనాడు, నువ్వు మొండెం ఒట్టుకుపో, ఇద్దరూ కలిసి గాజుపెట్టిలో పెట్టుకోండి. నా కొడుకు సావు మట్టుకు మీకియ్యను."

"పడవలు మరి గున్నమ్మా..." అన్నాడు జగన్నాధం ఏడుపు గొంతుతో.

"పడవలు ఆగుతాయి మావా. నానూ పస్తుంటాను."

ఊరు గున్నమ్మ ఎనకే నిలబడ్డాది. తెడ్లు మళ్లీ సేతుల్లోకొచ్చినాయి. పోలీసులు దగ్గరదగ్గరగా జరిగినారు. గున్నమ్మ నడుసుకుంటా ఎస్సై ముందుకెళ్లి, మొకానికి మొకం ఆనేంత దగ్గరగా నిలబడ్డాది. ఆడి సొక్కా మీద జేబు పైన నల్లటి బిళ్ల, దాని మీద తెల్లటి అచ్చరాలు. గున్నమ్మకి సదువు రాదు.

"మావా, ఇలా రా. నీకు సదువొచ్చు కదా. ఈ బిళ్ల మీద పేరేటి?"

ఎస్సై బిళ్ల మీద సెయ్యి అడ్డం పెట్టినాడు. గున్నమ్మ ఆ సెయ్యి పట్టుకుని పక్కకి లాగీసినాది. ఆడు రెండో సేత్తో దవడ మీద కొట్టినాడు. పెదం సిట్లి నెత్తురొచ్చినాది. పట్టు వదల్లేదు.

"సదువు మావా."

జగన్నాధం ఊరికేసి సూసినాడు, పడవలకేసి సూసినాడు, ఇసకలో పడుకున్న బాబీకేసి సూసినాడు. కళ్లజోడు ఒక అద్దం పగిలి ఉన్నాది. మంచి అద్దంలోంచి సూసి, "నరసింగరావు" అన్నాడు నోట్లోనే.

"గట్టిగా సదువు మావా. మా బాబీకి ఇనపడాల."

ముసిలోడు ఊపిరి పీల్సుకుని, బలం కొద్దీ ఆ పేరు అరిచినాడు.