నలభై ఒకటో కట్టు

మ్యూజియం వెనక గదిలో పొద్దున్నే రేడియో ఆపేశారంటే, అక్క కట్టు కోస్తోందని అందరికీ తెలిసిపోతుంది.

తవ్వకాల్లో రాక్షసబల్లి ఎముక బయటపడితే, విరిగిన చేతికి వేసినట్టే గోనెపట్టాలూ ప్లాస్టరూ చుట్టి కట్టు వేసి తెస్తారు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆ ఊళ్లో చెవులున్నది తడి ప్లాస్టర్‌కి. ఆరేదాకా చుట్టుపక్కల ఏం వినిపిస్తే అది పట్టేసుకుంటుంది. కోసినప్పుడు ఒక్కసారి వినిపించి ఊరుకుంటుంది. ఓసారి ఎవరిదో దగ్గు, ఓసారి కాకుల గోల. పోయినేడు గుమస్తా మ్యూజియం నడిపే పెద్ద మేడమ్‌ని తిట్టుకున్న తిట్లన్నీ ఆవిడ ఎదురుగానే బయటపడి, పాపం, వారం సెలవు పెట్టాడు. అంతకు మించి దాన్నెవరూ పట్టించుకోరు.

అక్క అంటే ఎముకలు శుభ్రం చేసే ఆవిడ. చిన్నా పెద్దా అందరికీ అక్కే. ఏ కట్టు కోయమన్నా కాదనలేదు, నలభై ఒకటి తప్ప. తొమ్మిదేళ్లుగా అది అడుగు అరలో ఉంది. దాని మీద ఓ అరచెయ్యి అచ్చు పడి ఉంది. అది ఆమె తమ్ముడిది. ఆ కట్టు వేస్తూండగానే గుంట గోడ విరిగి వాడి మీద పడింది.

ఆ రోజు గట్టున ఉన్నది తవ్వకాల మేస్త్రి ఒక్కడే. అక్కకి కాబోయే మొగుడు. పైకి రమ్మని పిలిచాను, రాలేదు అన్నాడు, అంతే. ఇంకో ముక్క అడిగితే నేలచూపులు చూశాడు. అసలు పిలిచే ఉండడని అక్క తేల్చేసుకుంది. పిలిస్తే రాకుండా ఉండే రకమా వాడు? పెళ్లి మానుకుంది. మేస్త్రి తవ్వకాలొదిలేసి మ్యూజియం గేటు దగ్గర టికెట్లు చింపుతూ కూర్చున్నాడు. రోజూ ఆ గేటులోంచే వెళ్తూ అక్క అతని వంక చూసిన పాపాన పోలేదు. అయినా నలభై ఒకటి కోయడానికి మాత్రం ఆమెకి చెయ్యి రాలేదు. తమ్ముడి గొంతు ఇంకొక్కసారే ఉంది కదా, అదీ వినేస్తే ఇంకేం మిగులుతుంది?

కొత్త హాలుకి ఆ కట్టులో ఉన్న రాక్షసబల్లి తోక కావాలని పెద్ద మేడమ్ నాలుగుసార్లు కబురు పెట్టింది. ఐదోసారి తనే వచ్చి నిలబడింది. ఇక తప్పలేదు. అందర్నీ బయటికి పంపి, తలుపేసి, అక్క రంపం తీసింది.

ముందు గాలి. తర్వాత ఈల. వాడిదే, ఎప్పుడూ శ్రుతి తప్పేదే. అక్కకి నవ్వొచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి. అంతలో మేస్త్రి కేక, పైకి రారా, గోడ బీటలిస్తోందని. మళ్లీ అదే కేక. మూడోసారికి గొంతు బొంగురుపోయింది.

"ఆరనీ బావా. తడి మీద వదిలేస్తే తోక ముక్కలైపోతుంది. కిందటిసారి అలా తెచ్చానని అక్క రెండ్రోజులు మాట్లాడలేదు. ఆరేదాకా చెయ్యి తియ్యనని ఒట్టు వేయించుకుంది."

మట్టి విరిగిపడింది. ఎవరో గుంటలోకి దూకారు. ఆ తర్వాత గోళ్లతో మట్టి గీకుతున్న చప్పుడు, ప్లాస్టర్ ఆరేదాకా వినిపిస్తూనే ఉంది.

అక్క లేచి తిన్నగా గేటు దగ్గరికి నడిచింది.

"ఒట్టు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

తొమ్మిదేళ్లలో ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. మేస్త్రి చింపబోయిన టికెట్టు అలాగే పట్టుకున్నాడు.

"చెబితే నువ్వు బతికేదానివా? నన్ను తిట్టుకుంటూనైతే బతికావు గదా."

ఆమెకి ఆ నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. తప్పు నాదే అంది. అతను టికెట్ల కిటికీ మూసి ఆమె వెంట లోపలికి వచ్చాడు.

తోక చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, ఖాళీ కట్టు రెండు చెక్కల్నీ కలిపి, అతుకు మీద అక్క కొత్త ప్లాస్టర్ పూసింది. తమ్ముడి అరచెయ్యి అచ్చులో తన చెయ్యి పెట్టింది. పైన మేస్త్రి చెయ్యి వేశాడు. ప్లాస్టర్ ముందు వేడెక్కింది, తర్వాత మెల్లగా చల్లబడింది. ఇద్దరూ కదల్లేదు. ఆఖరి చెమ్మ ఉండగానే అక్క వంగి, కట్టుకి వినబడేటట్టు చెప్పింది.

"ఆరిందిరా తమ్ముడూ. ఇంక పైకి రా."