పన్ను పిల్లది, నొప్పి పెద్దలది

పళ్ళ డాక్టరమ్మ తలుపు తీసేసరికే బయట బెంచీ నిండిపోయి ఉంటుంది. పెద్దవాళ్ళు బుగ్గలు పట్టుకుని మూలుగుతుంటే, పిల్లలు వాళ్ళ కాళ్ళ మధ్య దూరి ఆడుకుంటుంటారు. ఆ ఊళ్ళో పిల్లల పన్ను పుచ్చితే నొప్పి పిల్లలకి రాదు. ఎవరు పెట్టిన తీపికి పుచ్చిందో వాళ్ళకొస్తుంది. ఎప్పటినుంచో అంతే. బడి ఎదురుగా చాక్లెట్లమ్మే ఆయన ఏడాది పొడవునా దవడకి గుడ్డ కట్టుకునే బేరం చేస్తాడు. ఆయన మీద ఎవరికీ జాలి లేదు.

దర్జీ ఆవిడ ఒకరోజు తన ఆరేళ్ళ కూతురి వెనక పంటి మీద నల్లటి చుక్క చూసింది. నొప్పి ఇంకా ఎవరికీ రాలేదు. వచ్చేదాకా ఆగితే సరిపోయేది, ఆగలేదు. ఆవిడ ఆడపడుచు బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. ప్రతి ఆదివారం విరిగిన బిస్కెట్లు పొట్లం కట్టి తెస్తుంది. ఇంకెవరి పని?

"నా పిల్ల పళ్ళు పాడుచేశావు. ఇక మా గడప తొక్కకు వదినా," అనేసింది.

"నిజమేనేమోనమ్మా," అని వదిన పొట్లం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పిల్ల వీధి మలుపుదాకా ఏడుస్తూ వెంటపడింది. మొగుడు నోరు విప్పలేదు. అక్కకీ పెళ్ళానికీ మధ్య నోరు విప్పి బాగుపడ్డ మగాడు ఎక్కడున్నాడు?

వారం తిరక్కుండానే, మిషను తొక్కుతుంటే దర్జీ ఆవిడ దవడలో సూది దిగినట్టయింది. లవంగం నొక్కిపెట్టుకుంది. పుచ్చింది తన నోట్లో కాదాయె, లవంగం మాత్రం ఏం చేస్తుంది! బయటికి చెబితే వదిననెందుకు వెళ్ళగొట్టావంటారు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. పాలపన్నేగా, ఎలాగూ ఊడిపోతుంది, నొప్పీ దాంతోనే పోతుందని సర్దిచెప్పుకుంది. చివరికి ఒకరి చొక్కాకి చెయ్యి తిరగేసి కుట్టిన రోజున, పిల్లని తీసుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

డాక్టరమ్మ పిల్ల నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది.

"ఇది పాలపన్ను కాదమ్మా. ఆరేళ్ళప్పుడు అన్నిటికన్నా వెనకాల చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. పోతే మళ్ళీ రాదు. ఇంకొన్నాళ్ళు ఆగుంటే పీకాల్సొచ్చేది."

"నేను చాక్లెట్టు కూడా కొనను డాక్టరుగారూ. బిస్కెట్లు పెట్టేది మా వదిన. నాకెందుకొచ్చింది?"

"పడుకునేముందు ఏమిస్తావ్?"

"పాలు."

"ఉత్త పాలేనా?"

"రెండు చెంచాలు పంచదార వేస్తా. లేకపోతే తాగదు."

"తాగాక తోముతావా?"

"తాగుతూ తాగుతూనే నిద్రపోతుందండీ. పొద్దున్నే తోముతాగా."

"ఆదివారం అన్నం తిన్నాక రెండు బిస్కెట్లు తిని నోరు పుక్కిలిస్తే పన్ను తట్టుకుంటుంది. రోజూ తీపి తాగి పడుకుంటే తెల్లార్లూ పళ్ళకంటుకునే ఉంటుంది. నిద్రలో ఉమ్మి పెద్దగా ఊరదు, కడిగేదెవరు? పంచదార మానెయ్యి. పాలయ్యాక నువ్వే దగ్గరుండి తోము. ఆ తర్వాత మంచినీళ్ళే."

పుచ్చు తీసి పన్ను పూడ్చగానే దర్జీ ఆవిడ నొప్పి టక్కున ఆగిపోయింది.

ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. పిల్లని చంకనేసుకుని తిన్నగా బిస్కెట్ల కంపెనీ గేటు దగ్గరికెళ్ళింది. షిఫ్టు వదిలారు. వాళ్ళని చూడగానే వదిన గతుక్కుమంది, చెయ్యి బుగ్గ మీదికి పోయింది.

"నాకింకా రాలేదమ్మా," అంది తప్పుచేసినదానిలా. "రోజూ లేవగానే దవడ నొక్కి చూసుకుంటున్నా. రాగానే కబురు పెడదామనే ఉన్నా."

"నీకు రాదు వదినా. నాకొచ్చింది."

పిల్ల అప్పటికే అత్త మెడ పట్టుకుని వేలాడుతోంది. వదిన ఎన్ని మాటలైనా అనొచ్చు, అనే హక్కు ఆవిడకుంది. కానీ దగ్గరికొచ్చి మరదలి దవడ మీద అరచెయ్యి ఆనించింది.

"చాలా నొప్పేసిందా?" అని అడిగింది.

అన్నాళ్ళ నొప్పికీ కంటతడి పెట్టని దర్జీ ఆవిడ, గేటు దగ్గర అంతమందీ చూస్తుండగా భోరుమంది.