ఎర్ర పీలికలు

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, బాతులకు తప్ప.

మాది లాండ్రీ. హోటళ్ల దుప్పట్లు ఉతికి వెనక దొడ్లో తీగల మీద ఆరేస్తాం. దొడ్డి చివర చెరువు. ఆ చెరువులోంచి పదిహేను పెద్దబాతులు, ఊరి పెద్దల్లా మెడలు నిక్కించుకుని, సరిగ్గా దుప్పట్లు ఆరే వేళకే గడ్డి మేయడానికి ఒడ్డెక్కేవి. మేసినంతసేపూ రెట్టలే. గాలికి దుప్పటి అంచు నేలకు తగిలిందా, మళ్లీ ఉతుకుడే. పళ్లెం మోగించాను. రెండు రోజులు బెదిరాయి, మూడో రోజు ఆ తాళానికి తగ్గట్టు నడిచాయి. ఓ రోజు ఒళ్లు మండి రాయి అందుకున్నాను.

"ఒరేయ్, చెయ్యి దించు!" అని వంటింటి కిటికీలోంచి అరిచింది మా అక్క. "అదేమన్నా నీ దాయాదా, రాయి పుచ్చుకుని కొట్టడానికి? నోరులేని జీవిరా."

అక్క నాకంటే పదేళ్లు పెద్ద. చిరిగిన దుప్పట్లకు మాసికలు వేసేదీ, హోటలు పనివాళ్ల చొక్కాలకు గుండీలు కుట్టేదీ ఆవిడే. బావ పోయాక మా ఇంటికొచ్చిన రోజు తన మంచం ఎక్కడని అడగలేదు, మిషను ఎక్కడ వేస్తావని అడిగింది. "కూర్చుని తిననురా, కుట్టి తింటాను" అంది. ముందుగదిలో కిటికీ పక్కన వేశాం. అరవై ఎనిమిదేళ్లొచ్చినా సూదిలో దారం ఒక్క గురికే ఎక్కించేది. అదే ఆవిడ గొప్ప.

అక్క పోరు పడలేక పశువుల డాక్టరును సలహా అడిగాను.

"బాతు నీళ్లలోంచి గడ్డి మీదకు నడిచే వస్తుంది. ఒడ్డు పొడుగునా జానెడు ఎత్తున ఒక దారం, మూరెడు ఎత్తున ఇంకో దారం కట్టండి. ఒడ్డున గడ్డి కోయకుండా ఏపుగా పెరగనివ్వండి. అందులో ఏం పొంచి ఉందోనని వాటికి భయం. ఎవరూ తిండి వెయ్యకండి. వాటంతటవే వేరే చోటు చూసుకుంటాయి" అన్నాడాయన. గుమ్మం దాకా వచ్చాక మళ్లీ పిలిచి, "దారానికి రంగు పీలికలు కట్టడం మరిచిపోకండేం. బాతులకే కాదు, మనుషులకీ కనబడాలి" అన్నాడు.

అక్క ఆ సాయంత్రమే ఎర్రగుడ్డ తీసి, పీలికలు కత్తిరించి, కట్ట కట్టి నా చేతిలో పెట్టింది. నేను సన్న ప్లాస్టిక్ దారం కట్టాను. పీలికల దగ్గరికొచ్చేసరికి బద్ధకమేసింది. వంగి ఒక్కొక్కటీ ముడెయ్యాలి మరి. రేపు చూద్దాంలే అని కట్ట జేబులో పెట్టుకున్నాను. మర్నాడు బాతులు దారం దాకా వచ్చాయి, రొమ్ముకు తగలగానే నన్ను నాలుగు తిట్టి వెనక్కి పోయాయి. పనయిపోయింది కదా, ఇంకా పీలికలెందుకు అనుకున్నాను.

"పీలికలు కట్టావట్రా?" అని అన్నం దగ్గర అడిగింది అక్క.

"కట్టేశానక్కా" అన్నాను. నాలుక తడబడనైనా లేదు.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. నేను లోపల ఇస్త్రీ చేస్తున్నాను. చినుకులు పడేసరికి అక్క నన్ను పిలవకుండా తనే దొడ్లోకి పరిగెత్తింది. ఒడ్డు వైపు ఎగిరిపోయిన దుప్పటి కోసం వెళ్లి, దారం కాలికి తగిలి బోర్లా పడింది. గడ్డం చీరుకుపోయింది, ఎడమ మణికట్టు బెణికింది. నేనూ మా ఆవిడా లోపలికి తెచ్చి పడుకోబెట్టాం.

మా ఆవిడ కట్టు కడుతుంటే, మిగతా దుప్పట్లు తెస్తానని బయటికి వచ్చాను. వానలో మోకాళ్ల మీద కూర్చుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పీలికలు కట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. నేను చేసింది అది కూడా కాదు, దొంగసాక్ష్యం పుట్టించాను.

మర్నాడు అక్క వంటింటి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు దొడ్లోకి చూసింది.

"ఇప్పుడు కనబడుతున్నాయిరా. నిన్న ఒక్కటీ కనబడలేదు" అంది. "అమ్మకీ ఇలాగే కదూ మొదలైంది? ఉన్నట్టుండి గడప కనబడేది కాదు. తర్వాత మనమే కనబడలేదు."

"కంటి డాక్టరుకు చూపిద్దాం వదినా" అంది మా ఆవిడ.

"వద్దమ్మాయ్. ఆయన నోట వినేదాకా నాకింకా కళ్లున్నట్టే."

హమ్మయ్య అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

అక్క మిషను మీద దుప్పటి కప్పేసింది. గోడ పట్టుకుని నడవడం మొదలెట్టింది. కూరలు తరగమంటే, "కత్తి నాకివ్వకండి" అనేది. అవతల పశువుల డాక్టరు ఎవరెవరినో వెంటబెట్టుకొచ్చి మా ఒడ్డు చూపించేవాడు. "ఒక్క ఈక రాలకుండా సాధించాడు, దయగల మనిషి. ఆ పీలికలు చూడండి, ఎంత పద్ధతిగా కట్టాడో!" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ఖాళీ జేబు మీదకు పోయేది.

పందొమ్మిదో రోజున, అక్క ఎప్పుడూ గుండీలు కొనే కొట్టావిడ బండి తీసుకుని వచ్చింది. అక్కే కబురు పెట్టిందట, మిషను తీసుకెళ్లమని.

"కళ్లున్నవాళ్ల దగ్గరుండాలి. బెల్టు కాస్త వదులు, చూసుకో అమ్మా" అని అక్క మిషనును ఓసారి నిమిరింది. "ఊఁ, ఎత్తరా తమ్ముడూ."

ఒక పక్క పట్టుకున్నాను. ఎత్తలేకపోయాను.

"అక్కా, ఆ రోజు పీలికలు లేవు."

"ఏ రోజు?"

"నువ్వు పడ్డ రోజు. కట్టానని అబద్ధం చెప్పాను. నువ్వు పడ్డాక వానలో వెళ్లి కట్టాను. నీ కళ్లకేం కాలేదక్కా."

మా ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. గుండీల కొట్టావిడ గభాల్న బండి వైపు తిరిగింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అక్క సూది అడిగింది. దారం కొస నోట్లో తడిపి, ఒక్క గురికే ఎక్కించింది. అప్పుడు ఏడ్చింది.

"పొద్దున్నే కళ్లు తెరవాలంటే భయమేసేదిరా. నేను గోడ పట్టుకుని నడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావు. ఆ రాయేదో నా మీదే వెయ్యకపోయావా?"

బండి ఖాళీగా వెళ్లిపోయింది.

మిషను మళ్లీ నడుస్తోంది. బాతులు ఒడ్డెక్కడం లేదు. అక్క నాతో మామూలుగానే మాట్లాడుతుంది, అన్నం తిన్నావా అంటుంది, జలుబు చేస్తే తిడుతుంది. దొడ్లోకొచ్చి ఆ దారం దాటేటప్పుడు మాత్రం ఆగి, చీర కుచ్చిళ్లు కొద్దిగా ఎత్తి పట్టుకుని, నేనెక్కడున్నా వినబడేలా అంటుంది: "కనబడుతోందిరా!"

నేను ఆరేసిన దుప్పటి చాటుకు వెళ్లిపోతాను.