మూడేళ్ళ మట్టి

గ్రీసులోని ఈ పిరేయస్ రేవుపట్నంలో బతికున్నవాళ్ళకే చోటు చాలదు. అందుకే పోయినవాళ్ళకి నేల మూడేళ్ళకే ఇస్తారు. గడువు తీరాక సమాధి తవ్వి, ఎముకలు తీసి, వైనుతో కడిగి, చిన్న పెట్టెలో పెట్టి ఇంటివాళ్ళకి అప్పగిస్తారు. నా భార్య ఆంథూసా గడువు మే నెల రెండో గురువారంతో తీరుతుంది.

ఆ రోజు కోసమే నేను మూడేళ్ళు ఆగాను. ఆమెది లేరోస్ దీవి. నేను రిటైరయ్యాక ఇద్దరం అక్కడికే వెళ్ళిపోవాలని అనుకున్నాం. సున్నం కొట్టిన రెండు గదుల ఇల్లు, రెండు నిమ్మచెట్లు, అంతే మా ఆస్తి. ఆఖరి నెలలో ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "నన్ను ఈ సిమెంటు మధ్య ఉంచెయ్యకు. మా నాన్న పక్కన పెట్టు. నువ్వూ వచ్చెయ్యి" అంది. సరేనన్నాను. గురువారం మధ్యాహ్నం మూడింటి ఓడకి టిక్కెట్టు కొన్నాను. తిరుగు టిక్కెట్టు కొనలేదు.

ఆ మాట మా అమ్మాయికి చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది.

మిర్సీని తన ఇద్దరు కూతుళ్ళతో నా దగ్గరే ఉంటోంది. అల్లుడు రోడ్స్ దీవిలో హోటల్ వంటవాడు. ఏప్రిల్‌లో వెళ్ళి అక్టోబరులో వస్తాడు. జీతం అతనికన్నా ఆలస్యంగా వస్తుంది. మిర్సీనికి సూపర్‌మార్కెట్‌లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షిఫ్టు. బడి ఒంటిగంటంపావుకి వదిలేస్తారు. పిల్లల్ని ఇంటికి తెచ్చి, తిండి పెట్టి, పాఠాలు చదివించి, నిద్రపుచ్చేది నేను. ఇంటద్దె నా పింఛనులోంచే పోతుంది.

నేను చెప్పినప్పుడు ఆమె బల్ల దగ్గర కూర్చుని బీన్స్ పీచు తీస్తోంది.

"ఎన్నాళ్ళకి?" అంది.

"అక్కడే ఉండిపోతానమ్మా."

ఆమె చేతులు ఆగలేదు. "అమ్మకి కూడా టిక్కెట్టు తీశావా, చేతిసంచీలో పట్టేస్తుందా?"

"అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడను నాన్నా? పోయినావిడ కోసం నువ్వు ఓడెక్కుతున్నావు. బతికున్న మేం ముగ్గురం ఏదెక్కాలి?"

"సగం పింఛను పంపుతాను."

"బాగుంది. ఆ పింఛను ఒంటిగంటకి బడి దగ్గర నిలబడుతుందా?"

నేను వెళితే ఆమె ఉద్యోగం మానెయ్యాలి. మానేస్తే నెలలో పదిహేను రోజులు పొయ్యి మీద ఏం పెట్టాలో ఇద్దరికీ తెలియదు.

"మీ అమ్మకి మాటిచ్చాను" అన్నాను.

"మాకు ఇవ్వలేదుగా. మంచి పని చేశావు" అని బీన్స్ గిన్నె తీసుకుని లేచింది.

తరవాత నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కానీ రోజూ పొద్దున్నే నా కాఫీ కలిపి బల్ల మీద పెట్టింది. అంత కోపంలోనూ నురగ విరగనివ్వలేదు.

గురువారం పదకొండింటికి నేను ఒక్కణ్ణే శ్మశానానికి వెళ్ళాను. వెంట తెల్ల నూలుగుడ్డ, ఒక సీసా వైను, ఆమె పేరు రాయించిన రేకు పెట్టె తీసుకెళ్ళాను. సమాధులు తవ్వేది త్రిఫోనస్. అతని కొడుకు ఒకప్పుడు నా శిష్యుడు. ఎముకలు కడిగే ఆవిడ పళ్ళెంతో సిద్ధంగా ఉంది. ఫాదర్ ప్రార్థన చదివి పక్క వరసకి వెళ్ళిపోయాడు. ఆయనకి ఆ రోజు ఇంకా ముగ్గురున్నారు.

త్రిఫోనస్ నడుములోతు తవ్వాడు. పార చెక్కకి తగిలింది. మూడేళ్ళు మట్టిలో ఉన్న చెక్క అంత గట్టిగా పలకకూడదు.

అతను ఆగాడు. నా వైపు చూడకుండా, "మాస్టారూ, ఆ కుళాయి దాకా వెళ్ళి ఓ బకెట్టు నీళ్ళు తెస్తారా?" అన్నాడు.

అతని పక్కనే నిండు బకెట్టు ఉంది. అతని మనసు నాకు అర్థమైంది. అయినా కదల్లేకపోయాను.

"కరగలేదా?"

"లేదు మాస్టారూ."

నాకు మొహం కనబడేలోపే దుప్పటి కప్పేశాడు. నీలం గౌను చెయ్యి ఒక్కటి కనబడింది, నిన్ననే ఇస్త్రీ చేసినట్టు. అమ్మాయి పెళ్ళికి కుట్టించుకున్న పాలియెస్టర్ గౌను అది. నేను ముప్పై రెండేళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ గుడ్డ మట్టికి లొంగదని నాకు తట్టకపోవడం ఏమిటి? పైగా వార్నిష్ వేసిన వాల్‌నట్ శవపేటిక కొన్నాను. "పల్చటి పైన్ చెక్క, నూలుబట్ట చాలు మాస్టారూ" అని త్రిఫోనస్ ఆనాడే చెవిలో చెప్పాడు. నా భార్యకి చవకది పెట్టనా అని అతని మీద కోప్పడ్డాను.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"పై వరసలో మెత్తటి మట్టి ఉంది. అక్కడ మళ్ళీ పెడతాం. రెండేళ్ళు. మూడు పట్టినా పట్టొచ్చు."

"నాకు డెబ్భై ఆరు, త్రిఫోనస్."

"మట్టికి మన వయసు తెలీదు మాస్టారూ."

వెనక కంకర చప్పుడైంది. రానన్న మిర్సీని వచ్చింది. షాపు ఏప్రన్ అప్పుడే కట్టేసుకుని ఉంది. గోతిలోకి, దుప్పటి వైపు చూసింది. చెప్పకుండానే తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళు?"

"రెండేళ్ళు" అన్నాను.

ఆమె నుదుటి మీద ముడి ఒక్క క్షణం వీడింది. పిల్లకి జ్వరం దిగినప్పుడు అలా వీడుతుంది. నేను చూడ్డం ఆమె గమనించింది. పక్క సమాధి పాలరాతి అంచు మీద కూలబడింది.

"నేనే నాన్నా. ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించి అడిగాను. అమ్మ అప్పుడే కరగకూడదని. ఇంకొన్నాళ్ళు, అని."

ఎముకలు కడిగే ఆవిడ శిలువ గుర్తు వేసుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. శవం కరగలేదంటే ఎవరి శాపమో పట్టుకుందని ఇక్కడ అందరూ నమ్ముతారు. మిర్సీనీ నమ్ముతుంది. ఒక్క నిమిషం నా కూతురంటే నాకు అసహ్యం వేసింది, దాచను. తరవాత ఆమె చేతులు చూశాను. బ్లీచుకి పగిలి ఉన్నాయి.

"కొవ్వొత్తి చేసింది కాదమ్మా. ఆ గుడ్డ చేసింది. గుడ్డ ఎంచింది నేను."

"నిజంగానా?"

"రసాయనశాస్త్రంలో మార్కులేసేవాణ్ణి నేను. నమ్ము."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి మొహం ఏప్రన్‌తో తుడుచుకుని, "నువ్వు వెళ్ళు నాన్నా. ఓడ ఇంకా ఉంది. ఉద్యోగం పోతే పోనీ, నేనేదో చూసుకుంటాను" అంది. మనస్ఫూర్తిగానే అంది.

"అక్కడికి పోయి ఎవరి పక్కన కూర్చోను?"



త్రిఫోనస్ గోతిలోంచి నెమ్మదిగా అడిగాడు. "ఆ బట్ట కత్తిరించెయ్యనా మాస్టారూ? ఒట్టి నూలుగుడ్డలో పెడితే తొందరగా అవుతుంది."

"కత్తిరించు" అన్నాను.

ఎముకలు కడిగే ఆవిడ దగ్గరికొచ్చి ఇంకో దుప్పటి తెరలా పట్టుకుంది. మిర్సీని నా భుజాలు పట్టుకుని అటు తిప్పింది. కత్తెర చప్పుడు చాలాసేపు వచ్చింది. గుడ్డ అంత మొండిది.

"త్రిఫోనస్, ఈలోపు నేనూ వచ్చేస్తే ఇద్దర్నీ ఒకేసారి తీస్తారా?"

"ముందుగా రాయించుకోవడాలు లేవు మాస్టారూ. మీరు లైన్లో రావాలి" అన్నాడు.

పై వరసలో మట్టి కప్పేసరికి పన్నెండూ నలభై అయింది. గేటు దాకా ఇద్దరం నడిచాం. ఆమె బస్సు ఒకవైపు, బడి ఇంకోవైపు. మిర్సీని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఏదో అనబోయి, మానేసి, ఇంకేదో అంది.

"చిన్నదానికి దగ్గుగా ఉంది నాన్నా. ఐస్‌క్రీం కొనకు."

"కొననులే" అన్నాను.